అత్తగారి పట్టకారు

ఆ ఇంటి అత్తగారికి ముక్కు మీద కోపం, నాలుక మీద సూది అని మేడ మొత్తానికీ తెలుసు. కింది వాటా వాళ్ళయితే ఆవిడకి 'ఇంజక్షన్' అని పేరు కూడా పెట్టేశారు. ఆ పేరు తిరిగి తిరిగి ఆవిడ చెవిన పడనే పడింది. "పోనిద్దురూ, ఇంజక్షన్ వల్ల జ్వరం తగ్గుతుంది గాని పెరగదుగా" అని ఊరుకుంది. అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం ఏడాదిగా నోరు కట్టేసుకుని కూర్చుందంటే మేడలో ఒక్కరూ నమ్మరు. నమ్మకపోయినా నిజం అదే. వచ్చిన తంటా అంతా ఆ నోరు కట్టేసుకోవడం వల్లే వచ్చింది.

కోడలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. పగలంతా ఫోనెత్తి "నొప్పి ఏ వైపండీ?" అని అడగడంతోనే సరిపోతుంది. సాయంత్రం ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, తిండి కానిచ్చి, భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచిందంటే మాత్రం ఆ మనిషే వేరు. దుప్పటి ఎందుకంటే, జారిన పూస దొర్లిపోకుండా ఉన్నచోటే ఉంటుంది. దాని మీద పూసల డబ్బాలు, సన్నతీగ చుట్టలు, ఫెల్టు గుడ్డ ముక్కలు, చెవి కొక్కేలు, జిగురు. ఇక ఇల్లు కూలినా తల ఎత్తదు.

పెద్ద ఖర్చేమీ కాదు. బస్టాండు పక్కన క్రాఫ్టు సామాన్ల దుకాణంలో ఓ మూల పెద్ద బుట్ట ఉంటుంది. కాలం దాటిపోయిన సరుకంతా అందులో పారేసి, ఎంతో కొంతకి వదిలించుకుంటారు. అందరూ ముక్కు విరిచే ఆ బుట్ట దగ్గరే కోడలు గంటలు గంటలు నిలబడుతుంది. వసంతంలో మిగిలిపోయిన కాగితం పూలు తెచ్చి, టీ డికాషన్‌లో ముంచి ఆరేస్తే, ఆకులు రాలే కాలానికి గుమ్మాలకి కట్టుకునే ఎండు పూల దండలయ్యేవి. చలికాలంలో ఎవరూ కొనని వెండి రంగు పూసలు వానాకాలానికి చినుకుల గొలుసులయ్యేవి. ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలో ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. జన్మంతా బూడిదరంగూ గోధుమరంగూ తప్ప కట్టని అత్తగారు, బల్ల మీద ఆ రంగులు చూసి లోలోపల ముచ్చటపడేది. పైకి మాత్రం "అన్నం తినే బల్ల మీద ఈ సంత ఏమిటో" అనేది.

శనివారాలు వీధి చివర ఖాళీ స్థలంలో సంత జరుగుతుంది. కోడలు అక్కడ చిన్న మడతబల్ల వేసుకుని కూర్చుంటుంది. అక్కడ ఆ పిల్లకి మంచి పేరొచ్చింది. పేరు దేనికొచ్చిందంటే, అందానికి సగం, గట్టిదనానికి సగం. "ఇంత చవగ్గా ఇస్తావు, ఒక్క పూస ఊడదు, ఎలాగమ్మా?" అని కొన్నవాళ్ళే మళ్ళీ వచ్చి అడిగేవాళ్ళు. కోడలు మురిసిపోతూ ఇంటికొచ్చి ఆ మాట చెప్పేది. అత్తగారు ఆ మాట వినబడగానే వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఊడకపోవడం వెనకున్న సంగతి ఆవిడ ఒక్కదానికే తెలుసు మరి.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున, కోడలు పనికి వెళ్ళిపోయాక, బల్ల తుడుద్దామని ఆవిడ ఓ నీలాల గొలుసు పైకెత్తింది. ఎత్తీ ఎత్తగానే పూసలన్నీ జలజలా నేల మీద రాలాయి. ఏరుకుంటూ చూసింది. పూసకీ గొలుసుకీ మధ్య చిన్న చిన్న రింగులుంటాయి, ఒకచోట తెగి ఉంటాయి, ఆ తెగినచోట తెరిచి, పూస తగిలించి, మళ్ళీ మూయాలి. కోడలు వాటిని రెండు చేతులా రెండు పక్కలకీ లాగి తెరుస్తోంది. అలా లాగితే రింగు గుండ్రం పోతుంది, ఎంత నొక్కినా సందు మిగిలిపోతుంది. ఒక కొస ముందుకీ ఒక కొస వెనక్కీ తిప్పాలి, తలుపు తీసినట్టు. అప్పుడే మళ్ళీ అతుక్కున్నట్టు మూసుకుంటుంది. అత్తగారు చాలా కాలం కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసింది. చీమ తలకాయంత మరమేకులు బిగించిన చేతులవి. ఆవిడకి ఇది పెద్ద విద్యేమీ కాదు.

సాయంత్రం కోడలు రాగానే చెప్పేద్దామనుకుంది. అంతలో కర్టెన్ గుర్తొచ్చింది.

కాపురానికొచ్చిన కొత్తలో కోడలు సరదాపడి ముందుగదికి కర్టెన్ కుట్టింది. అత్తగారు కాఫీ తాగుతూ అటు చూసి, "అంచు పాము పాకినట్టుంది" అంది. ఆవిడకది మాట కాదు, ఊపిరి తీసుకోవడం లాంటిది. మర్నాటికి కర్టెన్ లేదు, కుట్టుమిషను మంచం కిందికి పోయింది, ఆ పిల్ల మళ్ళీ సూది ముట్టలేదు. అత్తగారికి అప్పుడు నిజంగా బాధేసింది. ఆ పూసలు కూడా అలాగే మంచం కిందికి పోతే? ఆ దుప్పటీ, ఆ రంగులూ, పని చేసుకుంటూ ఆ పిల్ల తీసే కూనిరాగాలూ లేని సాయంత్రాన్ని ఆవిడ ఊహించుకోలేకపోయింది. అందుకని నాలుక కరుచుకుని, తన పాత పట్టకార్లు రెండూ వెతికి తీసి, గొలుసంతా మళ్ళీ అమర్చి, ఎక్కడ ఉన్నది అక్కడే పెట్టేసింది.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. రాత్రి కోడలు చేసిన ప్రతిదీ పొద్దున అత్తగారి చేతి మీదుగా వెళ్ళేది. కోడలికి తెలియదు. కొడుక్కి తెలిసే అవకాశమే లేదు, గోడకి కొత్త రంగు వేసినా తెలియని మనిషి.

అంతా సాఫీగా సాగిపోతోందనుకునే వేళ, క్రాఫ్టు దుకాణం మేనేజరమ్మ కోడలికి కబురు పెట్టింది. చలి మొదలవుతోంది కదా, చలికాలం లోలాకులు చేయడం నేర్పుతూ ఆదివారం ఓ క్లాసు పెడదాం, మీ సరుకు ఊడదని అందరూ అంటున్నారు, ఆ కిటుకేదో మా వాళ్ళకి చెప్పండి, అంది. కోడలు ఆ కబురు పట్టుకుని ఇంట్లోకి గంతులేసుకుంటూ వచ్చింది. అత్తగారు మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇంకేముంది, క్లాసులో అందరూ ఈ పిల్ల చెప్పినట్టే లాగుతారు. అందరివీ ఊడిపోతాయి. అందరి మధ్యా ఈ పిల్ల తెల్లమొహం వేసుకుని నిలబడుతుంది. ఇంట్లో అయితే తను వెనకాలే సర్దగలదు గాని, అక్కడ పట్టకారు పట్టుకుని ఎంతమంది వెనకాల తిరుగుతుంది? చెప్పాలి. ఎలా చెప్పాలి? రోజూ అనుకుంటుంది, రోజూ రేపటికి వాయిదా వేస్తుంది. ఇంజక్షన్ అనిపించుకున్న మనిషికి మాటలు కరువయ్యాయి.

శుక్రవారం సాయంత్రం దారి దానంతటదే దొరికింది. కోడలు దుప్పటి పరిచి, ఎదురుగా కుర్చీ వేసింది.

"అత్తయ్యా, మీరే నా స్టూడెంట్. ఏమీ రాని మనిషిలా కూర్చోవాలి. నేను ఎలా చెప్తే అలా చేయాలి."

"ఏమీ రాని మనిషి కావాలంటే మీ ఆయన ఉన్నాడుగా."

"అడిగానండీ. తెల్ల ఫెల్టు తీసుకోండి అన్నానో లేదో గుర్రు పెట్టేశారు."

అత్తగారు కూర్చుంది. కోడలు లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ఎదురుగా నలుగురు ఉన్నట్టు అటూ ఇటూ చూస్తూ మొదలుపెట్టింది. తెల్ల ఫెల్టు మీద నక్షత్రం గీసుకోవడం, కత్తెర కదపకుండా గుడ్డనే తిప్పుతూ కత్తిరించడం, అంచుకి పలచగా జిగురు రాసి ఆరనివ్వడం. బాగా చెప్తోంది. ఎంత బాగా చెప్తోందో విని అత్తగారికి ఇంకా దిగులేసింది.

"ఇప్పుడు రింగు. రెండు పట్టకార్లతో రెండు వైపులా పట్టుకుని, ఇలా పక్కలకి లాగండి."

అలవాటుగా ముందుకీ వెనక్కీ తిప్పేస్తే ఆ పూటకి గండం గడిచిపోయేది. ఆవిడ చేతులు తిప్పబోయాయి కూడా. బలవంతాన ఆపుకుని, టీచరమ్మ చెప్పినట్టే పక్కలకి లాగింది. గాజుపూస తగిలించింది. నొక్కింది. ఎత్తి చూపించింది. పూస దుప్పటి మీద పడింది.

"మీరు గట్టిగా నొక్కలేదు," అంది కోడలు.

మళ్ళీ లాగింది, మళ్ళీ నొక్కింది, మళ్ళీ పడింది.

"ఇటివ్వండి, నేను చూపిస్తాను." కోడలు తనే చేసింది. ఎత్తి ఆడించింది. పూస జారి పడింది. కోడలు నవ్వి, ఇంకో రింగు తీసింది. అదీ పడింది. ఈసారి నవ్వలేదు.

"ఇదేమిటి? ఏడాది నుంచి చేస్తున్నాను, ఒక్కటీ ఊడలేదే. రింగులు మారాయా?"

అత్తగారు దుప్పటి మీద పూసల వంక చూస్తూ కూర్చుంది. అన్నింటికీ ఓ మాట అంటించే ఆవిడ ఉలుకూ పలుకూ లేకుండా ఉండడమే చెప్పాల్సిందంతా చెప్పేసింది. కోడలు గబగబా లోపలికి వెళ్ళి, రేపు సంతకి పట్టుకెళ్ళాల్సిన పెట్టె తెచ్చి, ఒక్కొక్కటే తీసి లాగి చూసింది. ఒక్కటీ ఊడలేదు.

"మీరా?"

"నేనేనమ్మా."

"వీటిలో ఏవి?"

"అన్నీ."

"మొదటినుంచీనా?"

అత్తగారు తలూపింది. "కర్టెన్ అప్పుడు నోరు జారి నీ చేత కుట్టు మాన్పించాను. ఇది కూడా మానేస్తావని భయపడ్డాను," అంది. అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడడం ఆ ఇంట్లో అదే మొదలు.

"కర్టెన్ నయం అత్తయ్యా. మొహం మీదే అన్నారు, వెళ్ళి ఏడ్చుకున్నాను. కానీ ఆ వంకర నాది. ఇవెవరివి? ఊడవు, ఊడవు అని జనం మెచ్చుకుంటుంటే పళ్ళికిలిస్తూ నిలబడ్డాను. మీరు ఇంట్లో నవ్వుకున్నారా?"

"ఛ, అదేం మాట!"

కోడలు పెట్టె మూసి తన గదిలోకి తీసుకెళ్ళిపోయింది. అలికిడికి లేచిన కొడుకు కళ్ళు నులుముకుంటూ వచ్చి "ఏమైంది?" అన్నాడు. "ఏం లేదు" అని రెండు గదుల్లోంచీ ఒకేసారి వినబడేసరికి, ఏదో అయిందని అతనికి కూడా అర్థమై, అవసరం లేకపోయినా మరోసారి స్నానానికి వెళ్ళాడు.

మర్నాడు కోడలు సంతకి వెళ్ళలేదు. సెలవు రోజయినా పళ్ళ డాక్టరు దగ్గరికి పనికి వెళ్ళిపోయింది, వెళ్తూ "వెళ్ళొస్తానత్తయ్యా" అనలేదు. ఆ మాట లేకపోతే ఇల్లు ఎంత బోసిగా ఉంటుందో అత్తగారికి ఆ పూట తెలిసింది. వంట చేసింది, తినలేదు. కిటికీ దగ్గర కూర్చుని తనలో తనే తగువు పెట్టుకుంది. పిల్ల మనసు కష్టపెట్టకూడదనే చేశాను, అవును. కానీ ఒక్కొక్క రింగూ తిప్పి పెడుతున్నప్పుడు 'నేను లేకపోతే దీని గతేమిటి' అని లోపల ఓ తియ్యదనం ఉండేది కాదూ? ఉండేది. కాఫీ కన్నా ఆ తియ్యదనం కోసమే పొద్దున్నే లేచేది. అది ఒప్పుకున్నాక ఆవిడకి తన మీద తనకే కోపమొచ్చింది.

సాయంత్రం కోడలు చెప్పులు విప్పుతూనే అంది, "దుకాణానికి ఫోన్ చేసి క్లాసు మానేస్తానని చెప్పేస్తున్నాను."

అత్తగారికి నిన్నటినుంచీ పోయిన గొంతు తిరిగొచ్చింది. "మానెయ్. నువ్వెందుకు ఫోన్ చేయడం, నేనే చేస్తా. మా కోడలికి రింగు తిప్పడం రాదు, నేర్చుకునే ఓపిక అంతకన్నా లేదు అని ఆ మేనేజరమ్మకి చెప్తాను."

"నాకు ఓపిక లేదా? డికాషన్‌లో ఒక్కో పూరేకూ ముంచి ఆరబెట్టేదాన్ని, నాకా?"

"ఏమో మరి. కనబడదే!"

కోడలు సంచీ విసిరేసి, దుప్పటి తెచ్చి బల్ల మీద దులిపి పరిచింది. చేతికందిన రింగులన్నీ గుమ్మరించింది. "చెప్పండి. నోటితో చెప్పండి. చెయ్యి పెట్టారంటే మాత్రం ఊరుకోను."

జీవితంలో ఎన్నో కష్టాలు పడిన మనిషే గాని, ఆ సాయంత్రం పడిన కష్టం అత్తగారు ఎప్పుడూ పడలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని కూర్చుంది. "ఒక కొస నీ వైపు, ఇంకో కొస నా వైపు. అబ్బ, నా వైపు అంటున్నానా! లాగకు. తిప్పు." రింగు ఎగిరి ఎక్కడో పడేది. పట్టకారు జారేది. కోడలు పళ్ళు బిగించేది. అత్తగారి వేళ్ళు దురదపెట్టి, కాలి వేళ్ళు కూడా ముడుచుకుపోయేవి. ఒకసారి పట్టలేక చెయ్యి చాపబోయింది. కోడలు తలెత్తి చూసేసరికి ఆ చేత్తో జుట్టు సర్దుకుంది. పోను పోను, పదింటికి ఆరు మూసుకున్నాయి. తరవాత ఎనిమిది. పెట్టె మళ్ళీ గదిలోకే పోయింది గాని, పోతూ పోతూ కోడలు "తిన్నారా అత్తయ్యా?" అని అడిగింది.

ఆదివారం పొద్దున కోడలు స్నానానికి వెళ్ళింది. పెట్టె ఈసారి గదిలో కాక బల్ల మీదే ఉంది, మూత తీసి. పైన కోడలు క్లాసుకి పెట్టుకెళ్ళాలనుకున్న జత, తెల్ల నక్షత్రాలు, వాటి కింద పొగమంచు రంగు గాజుపూసలు. కోడలే కత్తిరించి, కోడలే మూసినవి. అత్తగారు వంగి చూసింది. ఎంత అందంగా ఉన్నాయో! కుడివైపు దాని రింగులో సందుంది. వెంట్రుకంత. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేయని కంటికి ఆనదు, ఆవిడ కంటికి మాత్రం తెరిచిన గుమ్మంలా కనబడింది.

పట్టకారు పక్కనే ఉంది. తీసింది. రింగుని దాని కొసల మధ్య పట్టింది కూడా. చిటికెలో పని. స్నానాలగదిలో ఇంకా నీళ్ళ చప్పుడు వినబడుతూనే ఉంది. అంతమందిలో ఆ పిల్ల చెవినుంచి పూస ఊడి పడితే? నలుగురూ నవ్వితే? ఈ ఒక్కసారికీ ఏమవుతుంది? ఈ ఒక్కసారికీ అని తను ఏడాదిపాటు అనుకుంటూనే వచ్చిందని అప్పుడే తట్టింది. పట్టకారు వదిలేసింది. పెట్టెకి దూరంగా వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

దుకాణం వెనక గదిలో పొడుగాటి బల్ల వేశారు. అట్టపెట్టెల వాసనా జిగురు వాసనా కలిసి గదంతా నిండుగా ఉంది. వచ్చినవాళ్ళంతా ఆడవాళ్ళే, మనవరాలికి చేసివ్వాలని వచ్చిన ఓ గడ్డం తాత తప్ప. సంచీలు మోయడానికని వచ్చిన అత్తగారు చివరి కుర్చీలో కూర్చుంది. కోడలు మొదట తడబడింది, తరవాత కుదురుకుంది. ఫెల్టు కత్తిరించడం అయింది, జిగురు అయింది. తాత నక్షత్రం తాబేలులా వచ్చిందని అందరూ నవ్వారు, తాతతో సహా.

"ఇప్పుడు రింగు," అంటూ కోడలు పక్కనున్న డబ్బా కోసం చటుక్కున తల తిప్పింది. కుడిచెవి పూస టక్కుమని బల్ల మీద పడి, తాత ముందుదాకా దొర్లింది.

"అయ్యో, టీచరుగారిదే ఊడిపోయిందే!" అంది ముందు కూర్చున్న ఒకావిడ. ఎవరో కిసుక్కున నవ్వారు. అత్తగారు సగం లేచి, కుర్చీ అంచు పట్టుకుని ఆగిపోయింది. కోడలు చెవి తడుముకుంది. మొహం ఎర్రబడింది. ఆ క్షణంలో ఆ పిల్ల పారిపోతుందనే అనుకుంది ఆవిడ. పారిపోతే తప్పు తనదే.

కోడలు చెయ్యి చాపి తాత దగ్గర పూస తీసుకుంది.

"చూశారుగా," అంది. "నేను సరిగ్గా మూయలేదు. సందు ఉంచేశాను. అందుకే ఊడింది. ఎలా మూస్తే ఊడదో చూపిస్తాను, అందరూ దగ్గరికి రండి."

అందరూ లేచి ఆ పిల్ల చుట్టూ మూగారు. చివరి కుర్చీలోంచి వీపులు తప్ప ఏమీ కనబడలేదు. "లాగకూడదు, తిప్పాలి. ఒకటి మీ వైపు, ఒకటి అవతలికి, తలుపు తీసినట్టు" అనే మాటలు మాత్రం వినబడ్డాయి. ఆ తరవాత "అబ్బో, ఇంతేనా!" అని తాత గొంతు. క్లాసు అయ్యేదాకా కోడలు అత్తగారి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు. ఆవిడకి చెప్పలేనంత సంతోషం కలిగింది. దాని వెనకే, ఇక రేపు పొద్దున లేచి ఏం చేయాలో తెలియని దిగులు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తాయని ఆవిడకి అంతవరకూ తెలియదు.

ఇద్దరూ సంచీలు పట్టుకుని ఇంటికి నడిచొస్తున్నారు. మందుల షాపు దాటాక కోడలు అడిగింది.

"పొద్దున పెట్టె బల్ల మీదే ఉంది కదా అత్తయ్యా. ఆ సందు మీకు కనబడలేదా?"

"కనబడింది."

"కనబడిందా?"

"పట్టకారు కూడా పట్టుకున్నాను. మళ్ళీ పెట్టేశాను."

కోడలు నడక ఆపేసింది. "అందరి ముందూ ఊడుతుందని తెలిసి కూడానా?"

"తెలుసు. భయమేసింది కూడా. కానీ అది నువ్వు మూసింది, ముట్టుకునే హక్కు నాకేముంది?"

కోడలు ఏమంటుందోనని అత్తగారు ఎదురుచూసింది. కోడలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే ఆ నీళ్ళతోనే నవ్వింది.

"అంటే ఇన్నాళ్ళ తరవాత నిజంగా నాది అనుకోదగ్గది ఏదంటే, ఆ ఊడిపోయింది."

"ముమ్మాటికీ నీదే," అంది అత్తగారు. "అంత అధ్వానంగా మూయడం నాకు చేతకాదు."

ఇద్దరూ దారి మధ్యలో నిలబడి పగలబడి నవ్వుతుంటే, వెనకొచ్చేవాళ్ళు పక్కనుంచి తప్పుకుని వెళ్ళారు.